మూత విడని నీళ్లు

కినబాలు కొండకి తూర్పున, మెసిలావు వాలు మీద
రంపిన్ చేసే ఉద్యోగం ఏమిటని అడిగితే
ఊళ్లో మగవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.
పెంటికలు లెక్కపెట్టడం.
నెలజీతం, రెండు జతల బూట్లు, ఒక వానకోటు.

నవ్వనీ.
ఆరు కాకముందే వీపుకి వెదురుబుట్ట తగిలించుకుని
క్యాబేజీ మడులు దాటి
ఆమె మబ్బులోకి ఎక్కిపోతుంది.

ఇక్కడి నేల తుప్పు రంగు.
లోహం ఎక్కువ, సారం తక్కువ.
వేరు ఎంత తవ్వినా నోటికందేది ఏమీ లేదు.
అందుకని ఆకే బయల్దేరింది.
కొసన ఒక తీగ సాచి,
తీగ చివర పొట్ట ఉబ్బించి,
ఒక కుండని నేల మీద కూర్చోబెట్టింది.
పచ్చి కాలేయం రంగు,
రెండు సీసాల నీళ్లు పట్టే కడుపు,
మడతలు మడతలుగా మెరిసే పెదవి,
మీద విసనకర్రంత మూత.

ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా
ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా
చిరిగేది ఆకేనంటారు.
ఆ మాట పుట్టిన చోట ఈ ఆకు మొలవలేదు.

చీమలు జారతాయి. ఈగలు జారతాయి.
ఎప్పుడైనా ఒక ఎలుక.
లోపలి గోడ ఏ గోటికీ దొరకదు.
అదే నీళ్లలో దోమపిల్లలు మాత్రం
పుట్టింట్లో ఉన్నట్టు ఈదుతుంటాయి.
చావుక్కూడా చుట్టాలుంటారు కాబోలు.

ఎనిమిదిన్నరకి వస్తుంది అది,
ఉడత అనుకుంటే ఉడత కాదు,
మూతి మరీ పొడుగు.
కుండ అంచు మీద నిలబడి
మూత కింద ఊరే తీపిని నాకుతుంది.
అలా మెడ చాచి నాకాలంటే
పిర్రలు ఎక్కడుండాలో
ఆ కొలత కుండకి ఎవరు చెప్పారో!
సరిగ్గా నోటి మీదే.
టప్. టప్.
కాసేపాగి, టప్.
రంపిన్ మూడు గీతలు గీస్తుంది.
చీకటి పడ్డాక కొండ ఎలుక వస్తుంది, అదీ అంతే.
తిన్నవాళ్లు పెట్టి పోతారు. ఎవరూ చావరు.

కుండ వంచితే వాన పడుతుందని ఓడు చెప్పేది.
ఓడు అంటే అమ్మమ్మ.
రంపిన్‌కి తొమ్మిదేళ్లప్పుడు
ఎక్కడో అడవులు తగలబడి
నెలల తరబడి సూర్యుడు రాగిబిళ్లలా ఉన్నాడు.
వరి పొట్టలోనే ఎండింది.
ఒక అర్ధరాత్రి చెయ్యి పట్టుకుని ఇక్కడికే తెచ్చింది ఓడు.
"ఇది దాచుకున్న వాన. అప్పడుగుదాం."
పసిబిడ్డకి మొహం కడిగినంత మెల్లగా
రెండు చేతులతో కుండని వంచింది.

సగం కరిగిన ఎలుక.
బొచ్చు, చిన్న పళ్ల వరస,
ఒక గుక్కెడు వాసన.

ఓడు సరోంగ్ అంచుకి చేతులు తుడుచుకుంది.
దారంతా ఏమీ మాట్లాడలేదు.
వాన నెలన్నరకి వచ్చింది,
ఎవరు పిలిచారో చెప్పకుండా.
ఆ తర్వాత ఆమె ఈ వాలు మొహం చూడలేదు,
అప్పు ఎగ్గొట్టినదానిలా.

భూమి కదిలిన ఏడు
వాలులో సగం లోయలోకి పోయింది.
రంపిన్ పుస్తకంలో ఇప్పుడు అరవయ్యొక్క మొక్కలు.

ఈ ఉదయం పదిహేడో మొక్క దగ్గర
పాత కుండ ఎండి కాగితమై ఒరిగి ఉంది.
పక్కనే కొత్త తీగ కొసన పిడికిలంత కుండ,
మూత ఇంకా అతుక్కునే.
వాన దీని లోపలికి ఎన్నడూ చూడలేదు.
వేలితో తడితే బరువుగా కదిలింది.
నీళ్లు.
ఏ మబ్బూ పొయ్యనివి,
మొక్క తనకి తాను ఊరించుకున్నవి.

పోయినవాళ్లు పైనున్న ఆ రాళ్లలో ఉంటారంటారు.
రంపిన్ బుట్ట దించింది.
సంతలో క్యాబేజీ ధర చెప్పినట్టు
మామూలుగా అంది రాయి వైపు చూసి:
"ఓడూ, అది వాన సొమ్ము కాదట.
నువ్వేం బాకీ లేవు."

మబ్బు వచ్చి రాయిని కప్పేసింది.
ఆమె పుస్తకం తీసి రాసుకుంది:
పదిహేడు. కొత్తది. మూత విడలేదు.
పెంటికలు, సున్నా.